కొత్త కంట్రోలర్ కూడా కాలిపోయిందంటే తప్పు ఎక్కడుంది? హబ్ మోటర్ మార్చేముందు చూడాల్సినవి

మీరు చెప్పినదాన్ని బట్టి సంగతి ఇదీ. రిజిస్ట్రేషన్ అక్కర్లేని చిన్న స్కూటర్, 60 వోల్టుల బ్యాటరీ, వెనక చక్రంలోనే మోటర్. వాన నీళ్లు నిలిచిన రోడ్డులో వెళ్లొచ్చిన మర్నాటి నుంచి ఎక్సలేటర్ తిప్పితే బండి గరగరమని వణికి ఆగిపోయేది. కాలితో తోసి కాస్త ఊపిస్తే మాత్రం పరిగెత్తేది. కొన్నాళ్లకు అదీ ఆగింది. మెకానిక్ కంట్రోలర్ (బ్యాటరీ కరెంటును మోటర్‌కు అందించే ఎలక్ట్రానిక్ డబ్బా) మార్చాడు, రెండో రోజే కొత్తది కూడా పోయింది. ఇప్పుడు చక్రం చేత్తో తిప్పినా బిగదీసుకుంటోంది. "మోటర్ కాలిపోయింది, చక్రంతో సహా మార్చాల్సిందే" అంటున్నారు.

ఇంకా మార్చకండి. తోస్తే నడిచింది అన్న ఒక్క మాటతోనే, అప్పటికి మోటర్‌లో రాగి చుట్లు బాగానే ఉన్నాయని తెలుస్తోంది. చుట్లు కాలిన మోటర్ తోసినా సరిగా లాగదు, వేడెక్కుతుంది, మాడు వాసన వస్తుంది. తోస్తే నడిచే మోటర్‌లో పోయేది సాధారణంగా హాల్ సెన్సార్ (అయస్కాంతాన్ని పసిగట్టే చిన్న భాగం) గానీ, దాని వైరు గానీ. ఆ తర్వాత వరసగా రెండు కంట్రోలర్లు పోయాయంటే, వాటిని చంపుతున్నది వాటి బయట ఎక్కడో ఉంది. నా అనుమానం ఇరుసులోంచి బయటికొచ్చే కేబుల్ మీద. అది నిజమో కాదో మోటర్ విప్పకుండానే తేల్చవచ్చు. మామూలు డిజిటల్ మల్టీమీటర్ ఒకటి, రెండు గుండుసూదులు, పాత మొబైల్ ఛార్జర్ ఒకటి, 10 కిలో ఓముల రెసిస్టర్లు మూడు, 12 వోల్టుల బ్యాటరీ, బైకు హెడ్‌లైటు బల్బు, పాత ఫిలమెంట్ బల్బు ఉంటే చాలు.

ముందు లోపల ఏముందో కొంచెం చెప్తాను, లేకపోతే చేసే టెస్టులకు అర్థం ఉండదు. చక్రంలో బయట తిరిగే ఇనుప రింగుకు లోపలివైపు అయస్కాంతాలు అతికించి ఉంటాయి. చాలా స్కూటర్ మోటర్లలో ఇవి 46, అంటే 23 జతలు. మధ్యలో ఇరుసుకు బిగించిన స్టేటర్ కదలదు, దానికే రాగి చుట్లు. వాటి నుంచి మూడు లావు వైర్లు వస్తాయి: పసుపు, ఆకుపచ్చ, నీలం. వీటిని ఫేజులు అంటాం. అయస్కాంతం ఇప్పుడు ఎక్కడుందో కంట్రోలర్‌కు చెప్పడానికి స్టేటర్ అంచున మూడు చిన్న హాల్ సెన్సార్లు ఉంటాయి. వాటికి సన్న వైర్లు ఐదు: ఎరుపు 5 వోల్టులు, నలుపు ఎర్త్, మిగతా మూడు సిగ్నళ్లు. ఈ ఎనిమిది వైర్లూ ఇరుసు మధ్య రంధ్రంలోంచి ఒకే కట్టగా బయటికొస్తాయి. 60 వోల్టులు నడిచే వైరూ, 5 వోల్టులకు మించి తట్టుకోలేని వైరూ అంత ఇరుకులో ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. ఇరుసు నట్టు వదులై ఇరుసు కొద్దిగా తిరిగినా, నట్టు అంచు కేబుల్‌ను కోసినా, ఆ రెండూ కలుస్తాయి. కలిసిన క్షణంలో హాల్ సెన్సార్లూ పోతాయి, కంట్రోలర్‌లో 5 వోల్టుల భాగమూ పోతుంది. మెకానిక్ కంట్రోలర్ ఒక్కటే మార్చి అదే కేబుల్‌కు తగిలించాడు. ఏం జరుగుతుందో అదే జరిగింది.

ఇక పనిలోకి వద్దాం. సెంటర్ స్టాండ్ వేసి వెనక చక్రం నేల తగలకుండా లేపండి. ఎంసీబీ ఆపండి, బ్యాటరీ సాకెట్ కూడా పీకేయండి. ఆ తర్వాత కూడా కంట్రోలర్ కెపాసిటర్లలో చార్జి మిగిలి ఉంటుంది. కంట్రోలర్ బ్యాటరీ వైర్ల మధ్య పాత పసుపు బల్బు (230 వోల్టుల ఫిలమెంట్ రకం) ఒకటి కాసేపు తగిలించి ఉంచి, మీటర్‌లో సున్నా దగ్గరికి వచ్చిందో లేదో చూసుకోండి. ఉంగరం, గడియారం తీసేయండి. 60 వోల్టుల లిథియం బ్యాటరీ ఫుల్ అయితే 67, 71 దాకా ఉంటుంది. షాక్ కంటే, ఉంగరం రెండు టెర్మినళ్ల మధ్య ఇరుక్కుని కాలిపోవడమే నాకు ఎక్కువ భయం.

మొదట చక్రం బిగదీసుకోవడం సంగతి తేల్చుకోండి. మూడు ఫేజు వైర్లనూ కంట్రోలర్ నుంచి విప్పి, చివరలు ఒకదానికొకటి తగలకుండా విడివిడిగా పెట్టి, చక్రం తిప్పండి. వదులుగా తిరిగితే మోటర్‌కు సంబంధం లేదు, కంట్రోలర్‌లో మాస్‌ఫెట్లు (ఫేజులకు కరెంటు వదిలి ఆపే ఎలక్ట్రానిక్ స్విచ్చులు) షార్ట్ అయ్యాయి. విప్పినా ఇంకా ఎవరో వెనక్కి లాగుతున్నట్టు, తడవ తడవకూ పట్టి వదిలినట్టు తిరిగితే షార్ట్ మోటర్ వైపే ఉంది: కేబుల్‌లో ఫేజులు కలిసి ఉండాలి, లేదా చుట్లలో షార్ట్ ఉండాలి. పట్టి వదలడం కాకుండా గరగరమని గరుకుగా రాసుకుంటే అది కరెంటు సంగతే కాదు, బేరింగు, తుప్పు, ఊడిన అయస్కాంతం, లేదా బ్రేక్ షూ అంటుకుపోవడం. ముందు బ్రేక్ వదులు చేసి చూడండి, చాలామంది ఇది మర్చిపోతారు. ఒక మాట, మంచి మోటర్ కూడా చేత్తో మెల్లగా తిప్పితే సన్నగా టక్ టక్ మంటూ తిరుగుతుంది. అయస్కాంతాలున్న మోటర్‌కు అది సహజం.

వదులుగా తిరిగితే ఇప్పుడు రెండేసి ఫేజు వైర్లను ముట్టించి తిప్పి చూడండి. పసుపు-ఆకుపచ్చ, ఆకుపచ్చ-నీలం, నీలం-పసుపు. మూడుసార్లూ చక్రం ఒకేలా బిగుసుకోవాలి. ఒక జతకు బిగిసి, మిగతా రెండు జతలకు అసలు తేడా లేకపోతే, ఆ రెండు జతల్లోనూ ఉన్న వైరు ఎక్కడో తెగింది. ఏ మీటరూ అక్కర్లేని టెస్టు ఇది. మీ బండిది గేర్లు లేని మోటర్ కాబట్టి ఎటు తిప్పినా ఫర్వాలేదు. సైకిల్‌కు బిగించే చిన్న హబ్ మోటర్లలో లోపల ప్లాస్టిక్ గేర్లు, ఒకవైపే పట్టే క్లచ్చు ఉంటాయి. వాటిని ముందుకు తిప్పితే మోటర్ కదలనే కదలదు, వెనక్కి తిప్పి చూడాలి. అలాంటి సైకిల్‌లో మోటర్ రయ్యిమని తిరుగుతూ చక్రం కదలకపోతే గేర్ల పళ్లు అరిగాయి, లేదా క్లచ్చు జారుతోంది. వైర్లు వెతుక్కోనక్కర్లేదు.

తర్వాత కంట్రోలర్. మీటర్‌ను డయోడ్ గుర్తు మీద పెట్టండి. ఎరుపు ప్రోబు కంట్రోలర్ బ్యాటరీ నెగెటివ్ వైరు మీద, నలుపు ప్రోబు ఒక్కో ఫేజు టెర్మినల్ మీద. మూడింటికీ 0.4 నుంచి 0.6 మధ్య దాదాపు ఒకే అంకె రావాలి. తర్వాత ఎరుపు ప్రోబు ఫేజు మీద, నలుపు ప్రోబు బ్యాటరీ పాజిటివ్ మీద. మళ్లీ అవే అంకెలు. ఎక్కడైనా బీప్ వచ్చినా, సున్నా చూపించినా ఆ వైపు మాస్‌ఫెట్ పోయింది. మీ రెండో కంట్రోలర్‌లో ఇదే కనిపిస్తుందని నా అంచనా. మాస్‌ఫెట్లు మార్చి కంట్రోలర్‌ను బతికించేవాళ్లు ఉన్నారు గానీ, ఒకటి పేలినప్పుడు దాన్ని నడిపే డ్రైవర్ భాగం కూడా దెబ్బతిని ఉంటుంది. చిన్న బండి కంట్రోలర్‌కు ఆ శ్రమ పడమని నేను చెప్పను.

ఇప్పుడు అసలైన కేబుల్ టెస్టు. మోటర్ వైపు ఫేజు వైర్లు, హాల్ కనెక్టరు రెండూ కంట్రోలర్ నుంచి విప్పేసి, మీటర్‌ను 2 మెగా ఓమ్ రేంజిలో పెట్టి, ఒక్కో ఫేజు వైరుకూ ఒక్కో హాల్ వైరుకూ మధ్య చూడండి. ఎక్కడా ఏమీ చూపించకూడదు. ఫేజుకూ ఇరుసుకూ మధ్య కూడా ఏమీ చూపించకూడదు. చూస్తున్నప్పుడు కేబుల్‌ను ఇరుసు దగ్గర వేళ్లతో అటూ ఇటూ వంచండి, చక్రం ఒక రౌండు తిప్పండి. ఊరికే పెట్టి చూస్తే బాగుందనిపించి, వంచినప్పుడు మాత్రం కలిసే కేబుళ్లు చాలా ఉంటాయి. అలాంటివే కొత్త కంట్రోలర్‌కు ఒక రోజు టైమిచ్చి రెండో రోజు చంపుతాయి. నీళ్లు దిగిన మోటర్ అయితే ఫేజుకూ ఇరుసుకూ మధ్య కొన్ని వందల కిలో ఓములు చూపించవచ్చు. అది కాలిపోవడం కాదు, తడి. ఎండబెడితే పోతుంది. మెగ్గర్ (ఎక్కువ వోల్టులు పెట్టి ఇన్సులేషన్ చూసే మీటర్) ఉన్నవాళ్లు 500 వోల్టులతో ఫేజులకూ ఇరుసుకూ చూడొచ్చు, కానీ హాల్ వైర్లను మెగ్గర్‌తో ముట్టుకోవద్దు. బాగున్న సెన్సార్లు ఆ ఒక్క నొక్కుతో పోతాయి.

చుట్ల ఓములు మల్టీమీటర్‌తో కొలవడం దండగ. రెండు ఫేజుల మధ్య ఉండేది ఓములో పదో వంతు చుట్టూ, మీటర్ ప్రోబుల సొంత ఓములే అంతకంటే ఎక్కువ. బీప్ వచ్చింది కాబట్టి షార్ట్ అని తీర్పు ఇచ్చేవాళ్లను చూశాను. మంచి మోటర్‌లో కూడా బీప్ వస్తుంది, రావాలి కూడా. సరిగా చూడాలంటే 12 వోల్టుల బ్యాటరీ, బైకు హెడ్‌లైటు బల్బు (35 వాట్లది అయితే దాదాపు 3 ఆంపియర్లు లాగుతుంది) తీసుకుని, బ్యాటరీ నుంచి బల్బు, బల్బు నుంచి ఒక ఫేజు, ఇంకో ఫేజు నుంచి తిరిగి బ్యాటరీకి వరసగా కలపండి. బల్బు వెలుగుతుండగా ఆ రెండు ఫేజు వైర్ల మధ్య మిల్లీవోల్టులు చూడండి. మూడు జతలకూ చూస్తే మూడు అంకెలూ దగ్గర దగ్గరగా ఉండాలి. ఎంత వచ్చిందన్నది ముఖ్యం కాదు, మూడూ సమానమా కాదా అన్నదే ముఖ్యం. ఒకటో రెండో జతలు మిగతావాటి కంటే స్పష్టంగా తక్కువ చూపిస్తే చుట్లలో చుట్లు కలిశాయి. అప్పుడు, అప్పుడు మాత్రమే, మోటర్ పోయిందని ఒప్పుకోండి.

ఇక హాల్ సెన్సార్లు. వీటిని చూడటానికి పనిచేసే కంట్రోలర్ కావాలంటారు గానీ మీ దగ్గర లేదు కదా, అందుకే పాత మొబైల్ ఛార్జర్ అడిగాను. 5 వోల్టుల ప్లస్ హాల్ ఎరుపు వైరుకు, మైనస్ నలుపుకు. సెన్సారు తనంతట తాను 5 వోల్టులు ఇవ్వదు, సిగ్నల్ వైరును నలుపుకు కలపడం, వదిలేయడం, అంతే దాని పని. అందుకని ఒక్కో సిగ్నల్ వైరుకూ ఎరుపుకూ మధ్య 10 కిలో ఓముల రెసిస్టర్ ఒకటి పెట్టాలి. కంట్రోలర్‌లో ఇది లోపలే ఉంటుంది. ఇప్పుడు మీటర్ నలుపు ప్రోబు నల్ల వైరు మీద, ఎరుపు ప్రోబు ఒక సిగ్నల్ మీద పెట్టి చక్రం మెల్లగా, చాలా మెల్లగా తిప్పండి. 23 జతల మోటర్ అయితే చక్రం 8 డిగ్రీలు కదిలేసరికి 5 సున్నా అవుతుంది, ఇంకో 8 డిగ్రీలకు మళ్లీ 5. గబగబా తిప్పితే మీటర్ సగటు చూపించి రెండున్నర దగ్గర ఊగుతుంది, దాన్ని చూసి సెన్సారు బలహీనపడింది అనుకోవద్దు.

ఒకటి ఎప్పుడూ 5 దగ్గరే ఆగితే ఆ సెన్సారు చచ్చింది, లేదా దాని సిగ్నల్ వైరు తెగింది. ఎప్పుడూ సున్నా అయితే సెన్సారు షార్ట్, లేదా ఆ వైరు నలుపుకు తగులుతోంది. మూడూ 5 దగ్గరే కదలకుండా ఉంటే సెన్సార్లు మూడూ ఒకేసారి పోయాయని అనుకునే ముందు ఎరుపో, నలుపో లోపలిదాకా చేరడం లేదేమో చూడండి. కనెక్టర్‌లో పిన్ను వెనక్కి జారడం మామూలు. మూడు సెన్సార్ల సిగ్నళ్లూ 120 డిగ్రీల తేడాతో మారే మోటర్‌లో, అంటే మన బండ్లలో ఎక్కువగా ఉండే రకంలో, మూడూ ఒకేసారి 5 గానీ మూడూ ఒకేసారి సున్నా గానీ ఎప్పుడూ రాకూడదు.

కంట్రోలర్ బాగున్నవాళ్లకు ఇంకో ఉపాయం. హాల్ కనెక్టర్ తగిలించి ఉండగానే వెనక నుంచి గుండుసూది దూర్చి ఎరుపు-నలుపు మధ్య చూడండి, నాలుగున్నర నుంచి ఐదు రావాలి. సున్నా వస్తే హాల్ కనెక్టర్ పీకి కంట్రోలర్ వైపు చూడండి. పీకగానే 5 తిరిగొస్తే షార్ట్ మోటర్ వైపు ఉంది. రాకపోతే ఎక్సలేటర్ కనెక్టర్ కూడా పీకండి, ఎందుకంటే అదీ అదే 5 వోల్టుల మీద బతుకుతుంది. ఎక్సలేటర్‌లో నీళ్లు దిగితే మోటర్ పోయినట్టే ఉంటుంది. బ్రేక్ లివర్ దగ్గరి స్విచ్చి ఇరుక్కున్నా అంతే, బండి బ్రేక్ వేసి ఉందనుకుని కంట్రోలర్ కదలదు. ఈ రెండూ చూడకుండా మోటర్ విప్పినవాళ్లను ఏమనాలో మీరే చెప్పండి.

చల్లగా ఉన్నప్పుడు అన్నీ బాగుండి, నాలుగైదు కిలోమీటర్లు వెళ్లాక మాత్రమే జర్కు వస్తే, అది వేడికి మొరాయించే సెన్సారు. అలాంటప్పుడు బండి నడిపి వచ్చి, వేడి మీదే ఈ టెస్టు చేయాలి. మర్నాడు పొద్దున చేస్తే ఏమీ దొరకదు.

కేబుల్‌లో తేడా గానీ సెన్సారు గానీ తేలితే మోటర్ విప్పాలి. కనెక్టర్ నుంచి పిన్నులు తీసే ముందు ఏ రంగు ఏ గడిలో ఉందో ఫోటో తీయండి, పక్క కవరుకూ రిమ్ముకూ కలిపి పెయింటుతోనో సుత్తి చీలతోనో గుర్తు పెట్టండి. నీళ్లు తాగిన మోటర్‌లో స్క్రూలు తుప్పుతో పట్టేసి ఉంటాయి. తుప్పు వదిలే ఆయిల్ కొట్టి రాత్రంతా వదిలేసి, సరిగ్గా పట్టే అలెన్ కీతోనే తిప్పండి. తల అరిగిందంటే డ్రిల్లు పెట్టాల్సి వస్తుంది, ఆ ఇనుప రజను అంతా అయస్కాంతాల మీదికే పోతుంది.

కవరు వచ్చాక స్టేటర్ బయటికి లాగడమే ఈ మొత్తంలో ప్రమాదకరమైన పని. అయస్కాంతాలు దాన్ని ఎంత బలంగా పట్టుకుంటాయంటే, సగం దాకా వచ్చింది కదా అని చెయ్యి మార్చుకునేలోపు లోపలికి లాక్కుంటాయి. మధ్యలో వేలుంటే వేలు నలిగిపోతుంది. బేరింగ్ పుల్లర్ మూడు కాళ్లది కవరుకో రిమ్ముకో పట్టించి, మధ్య స్క్రూ ఇరుసు మీద పెట్టి మెల్లగా తిప్పండి. పుల్లర్ లేకపోతే ఇరుసును బెంచి వైసులో రాగి రేకు వేసి బిగించి, ఇద్దరు మనుషులు రిమ్మును చెరోవైపు పట్టుకుని పైకి లాగాలి. ఒక్కరే చేయొద్దు. దించేటప్పుడూ పుల్లర్‌తోనే మెల్లగా దించాలి, వదిలేస్తే ఠాప్‌మని పడి చుట్ల మీది ఎనామెల్ గీసుకుంటుంది, అప్పుడు లేని జబ్బు తెచ్చుకున్నట్టు.

తెరిచాక ముక్కుతోనూ చూడాలి, కంటితోనూ చూడాలి. చుట్లు తేనె రంగులో మెరుస్తూ ఉంటే బాగున్నట్టే. ఒక మూల నల్లబడి మాడు వాసన వస్తే మోటర్ మార్చడమే. అన్నీ ఒకేలా నల్లబడితే మోటర్‌ను మోయలేని బరువుతో చాలాకాలం నడిపారు. స్టేటర్ ఇనుము మీద ఎర్ర తుప్పు పొడి ఉంటే భయపడక్కర్లేదు, సన్న గరుకు కాగితంతో రుద్ది, తుడిచి, వార్నిష్ ఒక పూత వేయండి. అయస్కాంతాలకు అంటిన రజను ఇన్సులేషన్ టేపు జిగురు వైపుతో అద్దితే వస్తుంది. ఏ అయస్కాంతమైనా కదులుతుంటే, పక్కవాటితో ఉత్తర దక్షిణాలు ఒకటి విడిచి ఒకటి వచ్చేలా చూసుకుని వేడికి తట్టుకునే ఎపాక్సీతో అతికించండి. మామూలు రకం నియోడిమియం 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోవడం మొదలవుతుంది. పోయిన బలం అతికిస్తే తిరిగి రాదు. అలా బలం పోయిన మోటర్ బరువు లేకుండా ఎక్కువ వేగంతో తిరుగుతూ, ఎక్కువ కరెంటు తాగుతూ, ఎత్తు ఎక్కలేకపోతుంది.

సెన్సార్లు కొనేటప్పుడు మోసపోకండి. ఎలక్ట్రానిక్స్ షాపులో హాల్ సెన్సార్ ఇవ్వండి అంటే మూడు కాళ్ల నల్ల చుక్క ఒకటి చేతిలో పెడతారు. 3144 అనేది అచ్చం ఇలాగే ఉంటుంది, అది ఒక ధ్రువానికే పనిచేస్తుంది. 49ఈ అనేది ఎక్సలేటర్‌లో వాడేది, అది మెల్లమెల్లగా వోల్టేజి మార్చే రకం. మీకు కావాల్సింది లాచింగ్ రకం: ఎస్ఎస్41, లేదా 41ఎఫ్ అని రాసి ఉండేవి. ఒక ధ్రువం చూపిస్తే ఆన్ అయి, ఎదుటి ధ్రువం వచ్చేదాకా అలాగే ఉంటుంది. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో అడగండి. బెజవాడ వైపు వాళ్లకు ఆటోనగర్‌లో ఈ బండ్లు చేసేవాళ్ల దగ్గరే దొరకొచ్చు. పోయింది ఒకటే అయినా మూడూ మార్చండి. సెన్సారు చౌక, రెండోసారి విప్పడం చౌక కాదు.

పాతది తీసే ముందు రాసి ఉన్న ముఖం ఏ వైపు తిరిగి ఉందో మూడింటికీ ఫోటో తీయండి. కొన్ని మోటర్లలో మధ్యది మాత్రం తిరగేసి పెడతారు. ఎస్ఎస్41లో రాత మీ వైపు పెట్టుకుని చూస్తే ఎడమ కాలు 5 వోల్టులు, మధ్యది ఎర్త్, కుడిది సిగ్నల్. కాళ్లు మొదట్లోనే వంచితే లోపల విరిగిపోతాయి, కొంచెం వదిలి వంచండి. ఒక్కో కాలికీ సన్న స్లీవు వేయండి, సోల్డరు రెండు మూడు సెకన్లలో అయిపోవాలి. గాడిలో సెన్సారు సరిగ్గా పాతది ఉన్నంత లోతులోనే కూర్చోవాలి. బయటికి పొడుచుకొస్తే అయస్కాంతం గీసేస్తుంది, లోతుగా పోతే సిగ్నల్ సమయం తేడా వస్తుంది. ఫెవిక్విక్ చుక్కతో నిలబెట్టి, పైన ఎపాక్సీ పూయండి. మూత వేసే ముందు ఛార్జరు పెట్టి, చిన్న అయస్కాంతం రెండు ముఖాలూ మార్చి మార్చి చూపించి మూడూ మారుతున్నాయో లేదో చూసుకోండి.

కేబుల్ కోసుకుపోయి ఉంటే టేపు చుట్టి పెట్టొద్దు. ఇరుసులో ఆ జాయింటుకు చోటే ఉండదు, వేడికి టేపు జిగురు కరిగి జారుతుంది. మొత్తం కేబుల్ మార్చండి. ఫేజులకు పాత మందమే ఉన్న సిలికాన్ లేదా టెఫ్లాన్ తొడుగు వైరు. పాత వైరు చివరకు దారం కట్టి లాగితే, ఆ దారంతో కొత్తవి సులువుగా ఎక్కుతాయి. ఇరుసు రంధ్రం అంచు పదునుగా ఉంటే నున్నగా రుద్ది, అక్కడ అదనంగా ఒక స్లీవు వేయండి. ఎంత స్లీవు వేసినా, ఇంకొకటి చూసుకోకపోతే లాభం లేదు: బయటికొచ్చిన కేబుల్ నేరుగా పైకి పోతే వాన నీరు దాని వెంటే జారి ఇరుసులోకి పోతుంది. ముందు కిందికి ఒక వంపు తిరిగి, తర్వాత పైకి పోవాలి. నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది.

నీళ్లు లోపలికి ఎలా వెళ్తాయో చాలామందికి ఆశ్చర్యం. నడిచి వేడెక్కిన మోటర్‌లో గాలి వ్యాకోచించి ఉంటుంది. అది వేడి మీదే మోకాలి లోతు నీళ్లలో దిగితే గాలి ఒక్కసారిగా చల్లబడి, సీల్ దగ్గరా కేబుల్ వెంటా నీళ్లను పీల్చుకుంటుంది. అందుకే నడిపి వచ్చిన వెంటనే పైపుతో కడగొద్దు. కేబుల్ చుట్టూ సిలికాన్ పూస్తే మంచిదే, కానీ వెనిగర్ వాసన వచ్చే రకం వద్దు, అది రాగిని తింటుంది. నీళ్లు పోవడానికి కవరుకు రంధ్రం పెట్టమని కొందరు చెప్తారు. కాలువల్లా మారే మన వీధుల్లో ఆ రంధ్రంలోంచి బయటికి పోయే నీటికంటే లోపలికి వచ్చేదే ఎక్కువ. నేను పెట్టను.

బేరింగులు ఎలాగూ బయటపడ్డాయి కాబట్టి గరగరమంటే మార్చేయండి. పక్కన చెక్కిన నంబరు చూసి, రెండు వైపులా రబ్బరు సీలున్నవే తీసుకోండి. బిగించేటప్పుడు కవరు స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి. ఇరుసు చదును వైపులు చట్రం గాడిలో సరిగ్గా కూర్చుని, గాడిలో పట్టే వాషరు పాతది అరిగితే కొత్తది వేసి, నట్టు గట్టిగా బిగించండి. మీ కేబుల్ కోసుకుపోయింది ఈ వాషరు లేకనో, నట్టు వదులైయో అయి ఉంటుంది. బ్రేకు వేసినప్పుడు మోటరు కరెంటు తిరిగిచ్చే బండ్లలో ఇరుసు రెండు వైపులకూ తన్నుకుంటుంది, అక్కడ నట్టు ఇంకా త్వరగా వదులవుతుంది.

కొత్త కంట్రోలర్‌కు బ్యాటరీ తగిలించేటప్పుడు పాజిటివ్ వైరులో అదే పాత పసుపు బల్బు 100 వాట్లది మధ్యలో పెట్టండి. ఎల్ఈడీ పనికిరాదు. బల్బు సన్నగా ఎర్రబడి ఆరిపోతే కెపాసిటర్లు నిండాయి, షార్ట్ లేదు. వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్ట్ మిగిలి ఉంది, కంట్రోలర్ మాత్రం బతికింది. బల్బు తీసేశాకే ఎక్సలేటర్ ముట్టుకోండి.

కొత్త కంట్రోలర్ వైర్ల రంగులు మోటర్ రంగులతో కలిసినా వరస కలవాలని లేదు. ఫేజులు ఆరు రకాలుగా, హాల్ సిగ్నళ్లు ఆరు రకాలుగా కలపవచ్చు, మొత్తం 36. వాటిలో సరైనవి ఆరే, మూడు ముందుకు, మూడు వెనక్కి. కొన్ని తప్పుడు వరసల్లో కూడా మోటర్ గరగరమంటూ తిరుగుతుంది, అది చూసి వదిలేస్తే వారంలో కాలుతుంది. సరైన వరసలో చప్పుడు లేకుండా మొదలై, బరువు లేకుండా తిరిగేటప్పుడు కరెంటు తక్కువగా, ఒకటి రెండు ఆంపియర్ల దగ్గర ఉంటుంది. ఏడెనిమిది లాగుతుంటే ఆపండి. సెల్ఫ్ లెర్నింగ్ వైర్ల జత ఉన్న కంట్రోలర్ తీసుకుంటే ఈ తంటా ఉండదు. చక్రం లేపి ఆ రెండు వైర్లూ కలిపితే తనే వరస కనుక్కుంటుంది, వెనక్కి తిరిగితే విడదీసి మళ్లీ కలపాలి, సరిగా తిరిగాక విడదీసేయాలి. హాల్ లేకుండా కూడా నడిచే డ్యూయల్ మోడ్ రకం అయితే ఇంకా నయం. సెన్సారు దారిలో పోయినా ఇంటికి చేరుస్తుంది. ఆగిన చోట నుంచి బరువుతో ఎత్తు ఎక్కమంటే మాత్రం మొరాయిస్తుంది.

ఇవన్నీ చేశాక చుట్లే పోయాయని తేలితే, రీవైండింగ్ చేయించాలా అని అడుగుతారు. పంపుసెట్ మోటర్ చుట్టేవాళ్లు మనకు ఊరూరా ఉన్నారు, కానీ ఇది వేరు. సన్న తీగలు చాలా కలిపి ఒకే చుట్టుగా, ఇరుకు గాడుల్లో నిండా కూరాలి, గాడి సగం ఖాళీగా వదిలితే మోటర్ వేడెక్కుతుంది. ఇలాంటివి ఇంతకుముందు చుట్టిన మనిషి దొరికితే చేయించండి, లేకపోతే స్టేటర్‌తో సహా కొత్త మోటరే నయం. కొనేటప్పుడు వోల్టులు, వాట్లు ఒక్కటే చెప్పి ఊరుకోవద్దు. పాత చక్రం షాపుకు పట్టుకెళ్లి, రిమ్ము సైజు, రెండు వైపులా నట్టుల మధ్య ఇరుసు పొడవు, ఇరుసు చదును మందం, బ్రేకు డ్రమ్మా డిస్కా, ఏ వైపు ఉంది, కేబుల్ ఏ వైపు నుంచి వస్తోంది, హాల్ కనెక్టర్‌కు ఎన్ని పిన్నులు, ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూసుకుని తీసుకోండి.